కొండలో ఒదిగిన ద్రాక్షామండపము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ద్రాక్షాసవమును రుచిచూచుటకై కట్టిన మండపమును గూర్చి ప్రసంగమనగానే సభలో కొందరు నుదురు చిట్లించుట సహజము. కల్లును సారాయియు సంసారములను కూల్చిన కథలు ఏ ఊరి కథలు ఆ ఊరికున్నవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చి అక్షరములు దిద్దుకొన్న స్త్రీలే సారాయి దుకాణమునకు ఎదురు తిరిగిరి. ఆ నిప్పురవ్వ జిల్లాలు దాటి 1993లో సారాయి నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. ఆ సంపూర్ణ నిషేధము రెండేండ్లు మాత్రమే నిలిచి 1997లో సడలినది. అది వేరు సంగతి. చదువునకును త్రాగుడునకును గల వైరమును ఇంత ప్రత్యక్షముగ చూచిన చోట ఈ విషయమెందులకని అడుగువారికి సమాధానము చెప్పవలసియే యున్నది. ఈ ప్రసంగము త్రాగుటను గూర్చినది కాదు, కట్టుటను గూర్చినది. పంట పండు నేలపై కట్టడము లేచినపుడు ఆ నేల ఏమి పోగొట్టుకొనును, దానికి తిరిగి ఈయదగిన దేమి అనునదే ఇందలి ప్రశ్న. మాగాణి చేలు ఇండ్ల స్థలములుగ మారుచున్న కాలమున ఈ ప్రశ్న ద్రాక్షతీగ నెరుగని గ్రామమునకును తగులును.

గ్రామ లెక్కలలో అడంగలను పుస్తకమొకటి యున్నదని అందరెరుగుదురు. ఒక సర్వే నంబరునకు ఎదురుగ పైరు పేరైనను ఉండవలెను, లేదా ఇల్లనియో దొడ్డియనియో వ్రాయబడవలెను. ఒకసారి ఇల్లని వ్రాసిన చోట మరల వరియని వ్రాయు భాగ్యము ఏ గుమాస్తాకును సాధారణముగ కలుగదు. ఇటలీ దేశమున ఫ్లారెన్సు పట్టణమునకు దక్షిణముగ బార్జీనో అను పల్లె యొద్ద ఒక కొండవాలున్నది. అక్కడ ఒకే నేలకు కట్టడమనియు వ్రాయవచ్చును, ద్రాక్షతోట యనియు వ్రాయవచ్చును. రెండును నిజమే. ఆ చిత్రమును వివరించుటకు ముందు ఒక పాత గ్రంథమును తెరువవలసి యున్నది.

కౌటిల్యుని అర్థశాస్త్రము అనేక శతాబ్దములు పేరు మాత్రమే వినబడి గ్రంథము కానరాక యుండెను. 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు చేరిన తాళపత్ర ప్రతిని శామశాస్త్రిగారు గుర్తించి, 1909లో అచ్చు వేయించిరి. గ్రంథాలయపు బీరువాలో ఒక కట్ట ఎవరును ముట్టకుండ పడియుండుట వ్యర్థము కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు. ఆ గ్రంథమున రెండవ అధికరణములో సురాధ్యక్షుని ప్రకరణ మున్నది. ద్రాక్షరసముతో చేసినదానికి మధువని పేరు పెట్టి, అది పుట్టిన దేశమే దాని పేరునకు వ్యాఖ్యానమని చెప్పి, కాపిశాయనము, హారహూరకము అను రెండింటిని కౌటిల్యుడు పేర్కొనెను. కాపిశి యనునది నేటి ఆఫ్గనిస్థానమున కాబూలునకు ఉత్తరమున నుండిన పట్టణము. ఇన్ని శతాబ్దములు గడచినను ఆ పద్ధతి మారలేదు. ఐరోపావారు ఇప్పటికిని బోర్డో యనియు, షాంపేను అనియు, కియాంటి యనియు నేల పేరుతోనే తమ ద్రాక్షాసవమును పిలుచుచున్నారు. బెల్లమును అనకాపల్లి బెల్లమనియు, మామిడిని బనగానపల్లి మామిడి యనియు పిలుచు తెలుగువారికి ఇది వింత కాదు.

అదే ప్రకరణమున పానాగారము ఎట్లుండవలెనో కూడ చెప్పబడినది. అనేకమైన గదులుండవలెను. ఆసనములును శయనములును వేరువేరుగ ఉండవలెను. గంధము, పూలు, నీరు అమర్చవలెను. అన్ని ఋతువులయందును సుఖముగ నుండునట్లు కట్టవలెను. వచ్చినవారు ఎంత ఖర్చు పెట్టుచున్నారో గమనించుటకు గూఢచారులను కూడ ఆయన నియమించెను. కౌటిల్యుడు కౌటిల్యుడే కదా! వీనిలో ఋతుసుఖమను మాట గట్టిది. యంత్రములు లేని కాలమున ఋతుసుఖము కావలెనన్న గోడ మందము, కిటికీ దిక్కు, చెట్టు నీడ, నేల చల్లదనము వీనితోనే సాధింపవలెను. నేడు సుస్థిర నిర్మాణమని వాస్తుశిల్పులు వాడుచున్న పేరు క్రొత్తది, పని పాతది.

రుచిచూచు మండపము పానాగారము కాదు. ఈ భేదము తెలిసినగాని ఆ కట్టడపు రూపు అర్థము కాదు. రుచిచూచువాడు గాజుపాత్రలో కొంచెము పోయించుకొని, తెల్లని గుడ్డపై దానిని వంచి రంగు చూచును. పాత్రను త్రిప్పి వాసన చూచును. గ్రుక్కెడు నోటిలో నుంచుకొని నాలుక నలుమూలల త్రిప్పి, ప్రక్కనున్న పాత్రలో ఉమ్మివేయును. ఒకపూట ఇరువది ముప్పది రకములు చూడవలసిన వృత్తిగాడు మ్రింగినచో పదవదానికే నాలుకయు బుద్ధియు మొద్దుబారును. నేయి కొనుటకు పోయిన గృహిణి అరచేతి వెనుక రాచి వాసన చూచినట్లే ఇదియు పరీక్ష. కావున అట్టి గదికి వెలుతురు నిలుకడగ నుండవలెను. భూమధ్యరేఖకు ఉత్తరమున నున్న దేశములలో ఉత్తరపు కిటికీ శ్రేష్ఠము, ఏలయనగా ఆ దిక్కున ఎండ సూటిగ పడదు, రంగు మారదు. గోడకు రంగు పూసిన వాసన, క్రొత్త దేవదారు చెక్క వాసన, వంటింటి పొగ, అగరువత్తి ఏదియు ఉండరాదు. ఈ ఒక్క విషయమున కౌటిల్యుని గంధమాల్యములకును నేటివారికిని పేచీ. సున్నపు గోడ, కాల్చిన మట్టి, రాయి, గాజు ఇట్టి వాసన లేని వస్తువులే అక్కడ పనికివచ్చును. గది చల్లగ నుండవలెను, కాని వణకు పుట్టరాదు. కిటికీలోనుండి ఆ పంట పండిన నేల కనబడవలెను. చివరి కోరిక నాలుకకు సంబంధించినది కాదని తోచవచ్చును గాని, నేల పేరుతో అమ్ముడుపోవు వస్తువునకు ఆ నేలయే సాక్షి.

ఇక కియాంటికి పోవుదము. ఫ్లారెన్సునకును సియెనాకును నడుమనున్న కొండల సీమ అది. ఆ రెండు నగరముల మధ్య పొలిమేర తగవు శతాబ్దములు నడచినది. దానిని గూర్చి ఒక కథ చెప్పుదురు. కోడి కూయగానే రెండు నగరములనుండి ఇద్దరు రౌతులు బయలుదేరవలెననియు, వారు కలిసికొన్న చోట పొలిమేర రాయి పాతవలెననియు ఒడంబడిక జరిగినది. సియెనావారు తెల్లని కోడిని మేపి మేపి పెంచిరట. ఫ్లారెన్సువారు నల్లకోడిని పస్తు పెట్టిరట. ఆకలిగొన్న కోడి తెల్లవారక మునుపే కూసినది, ఫ్లారెన్సు రౌతు ముందుగ బయలుదేరి సియెనా వాకిటి వరకు వచ్చినాడు. కథ నిజమో కాదో గాని, ఆ నల్లకోడి ఇప్పటికిని కియాంటి క్లాసికో సీసాలపై ముద్రగ నున్నది. పొలిమేర తగవులు తీర్చిన పెద్దలు ఇందలి కిటుకును గ్రహింతురు గాక.

1716లో కోసిమో అను మూడవ గ్రాండు డ్యూకు ఆ సీమకు ఎల్లలు నిర్ణయించుచు శాసనము చేసెను. ఏ కొండనుండి ఏ యేటివరకు కియాంటి యనవలెనో అందున్నది. ఒక పంట పేరును సరిహద్దులతో కాపాడిన శాసనములలో అది మిక్కిలి పాతది. ఆ పొలములలో సేద్యము చాలకాలము మెజద్రియా అను సంగోరు పద్ధతిని నడచినది. భూస్వామి భూమిని ఇల్లును ఇచ్చును, రైతు కుటుంబము కష్టించును, పంటలో సగపాలు. 1964లో ఇటలీ ప్రభుత్వము క్రొత్తగ అట్టి ఒప్పందములు చేసికొనరాదని శాసించెను. అప్పటికే రైతులు అనేకులు పట్టణములకు వలసపోయిరి. కాని వారి చేతిపని ఆ కొండలపై నిలిచియున్నది. సున్నము లేక పేర్చిన రాతిగట్లు, వాలునకు అడ్డముగ కట్టిన మెట్టచేలు, ఒలీవ చెట్ల వరుసలు, దారి ప్రక్క సరుగుడు వలె నిటారుగ నిలిచిన సైప్రసు చెట్లు. ఈ అందమును చూచుటకు లోకమంతయు వచ్చును గాని, అది అందము కొరకు చేసినది కాదు. వానకు మన్ను కొట్టుకొనిపోకుండుటకు చేసినది. సున్నము లేక రాయి పేర్చు ఆ విద్యను 2018లో యునెస్కోవారు మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి.

సియెనా పట్టణపు పురభవనమున అంబ్రోజియో లొరెంజెట్టి అను చిత్రకారుడు 1338-39 సంవత్సరములలో గోడల నిండుగ చిత్రములు వ్రాసెను. సుపరిపాలన ఫలము ఒక గోడపై, దుష్పరిపాలన ఫలము దానికెదురు గోడపై. సుపరిపాలన వైపున నగరముతో సమానముగ పల్లెసీమను కూడ చూపెను. అందు వాలున ద్రాక్షతోట లున్నవి, కళ్ళమున నూర్పిడి జరుగుచున్నది, బాటపై గాడిదలు బరువులు మోయుచున్నవి. ఎదుటి గోడపై చేలు బీడువడి, పల్లెలు తగులబడుచున్నవి. పొలము ఎట్లున్నదో చూచి పాలన ఎట్టిదో చెప్పవచ్చునని ఆరు వందల ఎనుబదేండ్ల క్రిందట ఒక పురపాలక సభ తన గోడపైననే వ్రాయించుకొన్నది. అట్టి సీమలో ఒక పెద్ద కర్మాగారము కట్టవలసివచ్చినచో ఏమి చేయవలెను?

ఆంటినోరి యను కుటుంబమువారికి ఈ సమస్య వచ్చినది. ఆ వంశీయు డొకడు 1385లో ఫ్లారెన్సు ద్రాక్షాసవ వర్తకుల సంఘమున చేరెను. నాటినుండి ఆ వృత్తి వారి చేతులలోనే యున్నది. వారికి బార్జీనో యొద్ద రసము తీయు శాల, పీపాలు నిలువ చేయు నేలమాళిగ, కార్యాలయము, సందర్శకులు రుచిచూచు మండపము అన్నియు ఒకచోట కావలసివచ్చినవి. ఇంత కట్టడమును ఆ కొండపై నిలిపినచో లొరెంజెట్టి గోడపై మసి పూసినట్లే యగును. మార్కో కాసమోంటి మొదలగు వాస్తుశిల్పుల ఆర్కియా అను సంస్థ 2004 ప్రాంతమున రూపకల్పన ఆరంభించి, 2012 అక్టోబరు నాటికి కట్టడమును తెరచినది. వారు చేసిన దేమనగా, కొండవాలును తొలిచి, కట్టడమును లోపల నుంచి, పైన మరల మన్ను పరచి, ద్రాక్షతీగలు నాటిరి.

వరాహమిహిరుడు బృహత్సంహితలో భూపరీక్షకు ఒక ఉపాయము చెప్పెను. మూరెడు గొయ్యి త్రవ్వి, తీసిన మన్నుతోనే దానిని పూడ్చవలెను. మన్ను మిగిలినచో భూమి శ్రేష్ఠము, సరిపోయినచో మధ్యమము, చాలకున్నచో కట్టడమునకు పనికిరాదు. ఇది మూఢనమ్మకము కాదు. గట్టి నేల త్రవ్వినపుడు పొంగును, గుల్లనేల కూరుకొనిపోవును. పునాది వేయువాడు ఎరుగవలసినది అదియే. బార్జీనోలో జరిగినది చూచినచో ఆ మూరెడు గొయ్యియే కొండంత పెరిగినట్లు తోచును. త్రవ్విన చోట ఇల్లు దాగినది, పైన మన్ను మిగిలినది, ఆ మన్నున తీగ పాకినది.

బాటమీదనుండి చూచువానికి కనబడునది రెండు పొడుగైన గీతలు మాత్రమే. కొండ ఒంటిని కత్తితో అడ్డముగ రెండుసార్లు కోసినట్లుండును. ఆ కోతల వెనుక గాజుతలుపు లున్నవి, వానిలోనుండి లోపలికి వెలుతురు పోవును. కప్పుపై తోట నడుమ అక్కడక్కడ గుండ్రని కంతలున్నవి. పాత మండువా ఇంటిలో పైనుండి వెలుగు దిగునట్లే, ఆ కంతలగుండ వెలుతురు లోపలి ముంగిళ్ళలోనికి దిగును. బండ్లు నిలుచు చోటినుండి పైకి పోవుటకు ఇనుప మెట్లు చుట్టలు తిరిగి లేచును. ఆ ఇనుము తుప్పు పట్టినట్లే కనబడును, నిజముగ తుప్పే. కాని అది పైపొరగ నిలిచి లోపలి ఇనుమును కాపాడు జాతి ఉక్కు, కార్టెన్ అందురు. రంగు వేయ నక్కరలేదు, ఎర్రమట్టి రంగులో కలిసిపోవును. నేలమాళిగలో ఓకు చెక్క పీపాలు వరుసలుగ నిలిచియుండ, వానిపై కాల్చిన మట్టిపలకలతో కమానులు కట్టబడినవి. మట్టిపలక తేమను పీల్చును, విడుచును. కుండలోని నీరు చల్లబడుటకు కారణమైన గుణమే అది. సమీపమున ఇంప్రునేతా అను ఊరు శతాబ్దములుగ కుమ్మరి పనికి పేరుగన్నది. పరాయి వస్తువునకు ప్రాకులాడ నవసరము వారికి లేకపోయినది.

మరియొక నేర్పు గమనింపదగినది. పండ్లు పైనుండి వచ్చును. రసము దానంతటదే క్రిందికి దిగి తొట్టెలలో పులియును, మరల దిగి పీపాలలో చేరును. నీరు పల్లమెరుగును గదా. రసమును ఎత్తిపోయు యంత్రముల పని ఆ మేరకు తగ్గినది, రసము నలగదు. చూడవచ్చినవారి దారి దీనికి ఎదురు. వారు క్రిందినుండి పైకి ఎక్కుచు, పీపాలను, గానుగను, వింసాంతో అను తీపి ఆసవము ముదురు చోటును చూచుకొనుచు పోయి, చివరకు రుచిమండపము చేరుదురు. రసము దిగుచుండగ మనుష్యులు ఎక్కుచుందురు. రుచిమండపమున్న అంతస్తుననే మరి రెండు మూడున్నవి, అందొకటి వస్తుప్రదర్శనశాల, ఒకటి సభామందిరము, ఒకటి గ్రంథాలయము. ఈ మాట విని ఈ సభలోనివారు సంతసింతురనుటలో సందేహము లేదు. ద్రాక్షాసవపు ఇంటిలో కూడ పుస్తకమునకు చోటు దొరకినది. అదియు నేలమాళిగలో కాదు, పైయంతస్తులో.

ఇంతవరకు జమ వైపు. ఖర్చు వైపు చూడకుండ లెక్క మూయరాదు.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలన్నది మిద్దె ఇంటిని గూర్చి. మిద్దెపై తోట పెట్టినవాని పాటు వారు చూడలేదు. ఒక చదరపు మీటరుపై ఒక మీటరు ఎత్తున తడిమన్ను పరచినచో సుమారు 1,800 కిలోల బరువగును. అనగా ప్రతి మీటరు గడిపైన నిండుగ బరువెత్తిన ఎడ్లబండ్లు రెండింటిని శాశ్వతముగ నిలిపినట్లు. ఆ బరువునకు తగిన దూలములు, స్తంభములు కావలెను. దానిపై నీరు దిగకుండ ఒక పొర, వేరు దిగకుండ ఒక పొర, నీరు జారిపోవుటకు కంకర పొర, మన్ను కంకరలో కలియకుండ వస్త్రము వంటిదొకటి, ఆపైన మన్ను. క్రిందిపొరలో ఎక్కడ సూదిమొన యంత సందున్నను, మన్నంతయు ఎత్తినగాని దానిని వెదుకుటకు వీలులేదు. ఇంక సిమెంటు. సున్నపురాతిని కాల్చి చేయునది గనుక, ఒక టన్ను సిమెంటు తయారగునప్పటికి అరటన్నుకు మించి బొగ్గుపులుసు వాయువు ఆకాశమునకు పోవును. కొండను తొలిచిన యంత్రముల పొగ దీనికి అదనము. పైన పచ్చగ నున్నంత మాత్రమున లోపలి అప్పు తీరినట్లు కాదు. బార్జీనో కట్టడమును పొగడువారిలో అనేకులు ఈ పద్దును వ్రాయరు. ఎన్నేండ్లు ఆ కట్టడము చల్లటి గాలికి యంత్రము నడుపక నిలుచునో, ఎన్ని తరములు దానిని కూల్చక వాడుకొందురో, దానినిబట్టి అప్పు తీరుటయో తీరకుండుటయో ఉండును. ఆ కుటుంబపు లెక్క 1385నుండి వచ్చుచున్నది గనుక ఆశ పెట్టుకొనవచ్చును. పదేండ్లకు చేతులు మారు వ్యాపారి ఇదే పని చేసినచో దానిని ఆడంబరమనవలెను.

కప్పుపై మన్నునకు మరియొక జమ యున్నది, దానిని మరువరాదు. 100 చదరపు మీటర్ల కప్పుపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో 1,000 లీటర్ల నీరు పడినట్లు. సిమెంటు కప్పు ఆ నీటినంతటిని ఒక్కసారిగ చూరునుండి త్రోసివేయును, వాలున గండి పడును. మన్ను కొంత త్రాగును, కొంత ఆలస్యముగ విడుచును. రాతిగట్లు కట్టిన పాత రైతు చేసినది ఇదియే.

ఒదుగుట యనగా దాగుట యనియే అర్థమా? కాదనుటకు అమెరికాలోని మరియొక కట్టడము సాక్ష్యము. కాలిఫోర్నియా రాష్ట్రమున నాపా లోయలో యౌంట్‌విల్ యొద్ద డామినస్ అను ద్రాక్షాసవశాల యున్నది. బోర్డో సీమకు చెందిన క్రిస్టియన్ మూయెక్స్ దానిని కట్టించెను. స్విట్జర్లాండులోని బాసెల్ నగరపు శిల్పులు హెర్జోగు, డి మ్యూరాన్ అనువారు రూపకల్పన చేసిరి. 1997లో పూర్తియైనది. పొడవు సుమారు 100 మీటర్లు, వెడల్పు 25, ఎత్తు 9. ఏ కొండలోను దాగలేదు. చదునైన తోట నడుమ నిలిచియున్నది. అయినను దూరమునుండి చూచువానికి అది రాతిగట్టో ఇల్లో తేలదు.

గోదావరి, కృష్ణ గట్లపై తీగవలలో రాళ్ళు నింపి వరద కోతకు అడ్డుగ పేర్చుట చూచినవారు ఈ సభలో ఉండకపోరు. గాబియన్లని ఇంజనీర్లందురు. ఆ గట్టురాళ్ళనే ఆ శిల్పులు ఇంటి గోడలుగ నిలిపిరి. సమీపమున దొరకు నల్లశిలను, కొంత ఆకుపచ్చ చాయ గలదానిని, తీగపెట్టెలలో నింపిరి. లోపల పీపాలున్న చోట రాళ్ళను బిగువుగ కూర్చిరి. మనుష్యులు తిరుగుచోట వదులుగ వదలిరి. ఆ సందులగుండ ఎండ చుక్కలు చుక్కలుగ లోపలికి రాలును, తాటాకు పందిరి క్రింద కూర్చున్నట్లుండును. నాపాలో పగలు మిక్కిలి వేడి, రాత్రి మిక్కిలి చలి. రాతి రాశి పగటి వేడిని మెల్లగ త్రాగి రాత్రి మెల్లగ విడుచును గనుక లోపల అంత ఒడుదుడుకు లేదు. పల్లెవాడు వెంటనే అడుగు ప్రశ్న ఒకటి కలదు: రాళ్ళ సందులలో పాములు చేరవా? అక్కడను గిలకపాములున్నవి. అందుకే నేలకు దగ్గరి వరుసలకు సన్నని కన్నుల అల్లిక వాడిరి. ఎంత పేరుమోసిన శిల్పియైనను చివరకు పాముకు భయపడి కట్టవలసినదే. తోట నడుమనుండి పోవు బాటను కూడ వారు మూయలేదు; కట్టడమే ఆ బాటకు త్రోవ యిచ్చి, పైన కప్పు పట్టినది.

ఈ రెండింటిలో రెండవదియే ఎక్కువ మెచ్చదగినదని చెప్పవచ్చును. కట్టిన రాయి ఆ సీమదే. తీగపెట్టె విప్పినచో ఆ రాయి మరల రాయియే. సిమెంటు గోడను కూల్చినచో మిగులునది గుట్టలకొలది చెత్త. కొండను తొలుచుట ఘనకార్యమే గాని, తొలుచక నిలుచుట అంతకన్న కఠినము.

ఇంత ధనము లేనివాడు, నాలుగైదెకరముల తోట గలవాడు, పదిమంది కూర్చుండు చిన్న మండపము కట్టదలచినచో ఏమి చేయవలెను? అట్టివాడు ముందుగ తోటలో మంచి మన్ను ఎక్కడ ఉన్నదో చూచి, అక్కడ కట్టకుండవలెను. ఇంతకు మించిన మొదటి సూత్రము లేదు. రాతితిప్ప యున్నచో అదియే మండపమునకు స్థలము. వాలును చదును చేయుటకు బదులు, స్తంభముల ఎత్తును వాలునకు తగినట్లు మార్చినచో వాన నీరు తన పాత దారినే క్రిందుగ పోవును. పడమటి వైపు గోడ మందముగ, ఉత్తరము తెరపిగ నుండవలెను. నీడకు ద్రాక్షతీగనే పందిరిగ పాకించుట ఐరోపాలో పాత ఆచారము. ఎండకాలమున ఆకు నిండి నీడ నిచ్చును. చలికాలమున ఆకు రాలి ఎండను లోపలికి రానిచ్చును. ఏ యంత్రమును ఏ మనుష్యుడును త్రిప్పనక్కరలేని తెర అది. కౌటిల్యుని ఋతుసుఖము ఇంత తేలికగ సిద్ధించు చోటు మరియొకటి లేదు.

అయితే ఈ పందిరి విద్యను యథాతథముగ తెలుగునాటికి తెచ్చినచో ఫలింపదు. ఉష్ణదేశమున ద్రాక్ష ఆకు రాల్చి నిద్రపోదు. ఏటికి రెండుమారులు కత్తిరించినగాని క్రమము నిలువదు. హైదరాబాదు చుట్టుపట్ల అనాబెషాహి ద్రాక్ష పండించిన రైతులు దీనిని బాగుగ నెరుగుదురు. నేలమాళిగ సంగతియు అంతే. నేలలో పది మీటర్ల లోతున ఉష్ణోగ్రత ఆ చోటి ఏడాది సగటుకు దగ్గరగ ఉండును. ఫ్లారెన్సు సగటు సుమారు 15 డిగ్రీలు. అది పీపాలకు సరిపోవును. కోస్తా ఆంధ్రమున సగటు సుమారు 28. ఎంత లోతు త్రవ్వినను ఆ 28 డిగ్రీలే ఎదురగును, సీసాలో ఉన్నది చెడును. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లు బార్జీనోను చూచి ఇక్కడ కొండను తొలిచినవాడు, తిరిగి చల్లని యంత్రములకు కరెంటు బిల్లు కట్టుకొనును. ఇక్కడి నేలకు ఇక్కడి ఉపాయము కావలెను. ఎత్తైన కప్పు, లోతైన చూరు, గాలి దారికి ఎదురెదురు కిటికీలు, గోడపై ఎండ పడకుండ వసారా. పాత పెంకుటిండ్లు కట్టిన మేస్త్రీల వద్ద ఈ విద్య ఉండెను. నాసిక్ ప్రాంతమున ద్రాక్షాసవము చేయువారు సందర్శకులకు మండపములు తెరచుచున్నారు గనుక ఈ మాట వారికిని అక్కరకు రావచ్చును.

ఎవరైనను బార్జీనోకు పోవు భాగ్యము కలిగినచో సెప్టెంబరు చివరనో అక్టోబరులోనో, సాంజోవేసె ద్రాక్ష పండి కోతకు వచ్చునప్పుడు పోవలెను. అప్పుడు కూలీలు బుట్టలు పట్టుకొని తీగల వరుసల నడుమ వంగి నడచుచుందురు. వారి పాదముల క్రింద, మన్ను పొర క్రింద, గుండ్రని కంతనుండి దిగిన వెలుతురులో గుమాస్తాలు లెక్కలు వ్రాసికొనుచుందురు. ఇంకను లోతున, చీకటిలో, నిరుటి పంట పీపాలలో ముదురుచుండును.